బీఎస్సీలో కెమిస్ట్రీ మేజర్ తీసుకోవచ్చా? ఇంజినీరింగ్ వదులుకుని చేరడం తెలివైన పనేనా?

ఇంటర్ ఎంపీసీ అయింది, కోరుకున్న బ్రాంచి రాలేదు, కెమిస్ట్రీ అంటే ఇష్టం, కానీ నాన్నగారు "బీఎస్సీ చేసి ఏం ఉద్ధరిస్తావు" అంటున్నారు అని రాశారు. మా ఇంట్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట. నేను 2009లో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఎంపీసీ చేరాను. తర్వాత ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ, ఆ తర్వాత ఇప్పటిదాకా ఫార్మా క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లోనే ఉద్యోగం. నాకు తెలిసిందల్లా ఈ దారే, కాబట్టి దీని గురించే చెబుతాను.

తీసుకోండి. కానీ కాలేజీ ఎంచుకునేటప్పుడు పాస్ పర్సెంటేజీ ఫ్లెక్సీలు చూడకండి, ల్యాబ్ చూడండి. అడిగితే చూపిస్తారు. డిస్టిల్డ్ వాటర్ యూనిట్ పనిచేస్తోందా, బ్యూరెట్ల (ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టాల) కొళాయిలు కారుతున్నాయా, సింకులో మరకలున్నాయా చూడండి. మరకలుంటే మంచిదే. తుడిచినట్టు మెరుస్తూ, ఏ వాసనా లేకుండా ఉందంటే ఆ తాళం పబ్లిక్ పరీక్షలప్పుడే తీస్తారని అర్థం.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మా డిగ్రీలో మొదట్లో ప్రాక్టికల్స్ ఎలా జరిగేవో చెప్పాలి. టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని కొలిచి వదులుతూ ఇంకోదాని గాఢత తేల్చడం) చేయకుండానే రీడింగులు రాసేవాళ్లం. సీనియర్ల రికార్డు నుంచి ఆన్సర్ తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి బ్యూరెట్ రీడింగ్ తేల్చేవాళ్లం. నేనైతే అందులో ఆరితేరాను. ఒక ప్రాక్టికల్ పరీక్షలో పర్మాంగనేట్ టైట్రేషన్ వచ్చింది. 20.1, 20.1, 20.1 అని మూడు రీడింగులూ వరసగా రాసి ఇచ్చేశాను. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన పేపరు చూసి, "బ్యూరెట్ నీ మాట బాగా వింటున్నట్టుందే" అన్నారు. నేను నవ్వాను, అది పొగడ్త అనుకుని. తర్వాత ప్రశ్న: "రీడింగ్ పై అంచు చూశావా, కింది అంచు చూశావా?"

"కింది అంచు సార్." ఇంటర్ నుంచీ బట్టీ పట్టిన మాట కదా, లోయర్ మెనిస్కస్, అంటే గొట్టంలో వంగి ఉండే ద్రవమట్టం అడుగు.

"అయితే రా, నాకూ చూపించు."

వెళ్లి చూస్తే ఏముంది? పర్మాంగనేట్ చిక్కటి ఊదా రంగు. కింది అంచు కనబడే ప్రసక్తే లేదు. అలాంటి రంగు ద్రావణాలకు పై అంచే చూడాలి. ఒక్కసారి నిజంగా బ్యూరెట్ ముందు నిలబడ్డ ఎవరికైనా తెలిసే విషయం. ఆయన కేకలేయలేదు. ఇంకొకటే అడిగారు: బ్యూరెట్‌ని అందులో పోయబోయే ద్రావణంతోనే ఒకసారి కడుగుతారు, మరి కోనికల్ ఫ్లాస్క్‌ని ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తోనే ఎందుకు కడుగుతారు? నాకు తెలియలేదు. మార్కులు వేశారు, కానీ ఆ మార్కులు చూసుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. (జవాబు: బ్యూరెట్‌లో నీళ్లు మిగిలితే ద్రావణం పలచబడుతుంది. ఫ్లాస్క్‌ను ద్రావణంతో కడిగితే, పిప్పెట్‌తో కొలిచి వేసినదానికంటే పదార్థం ఎక్కువైపోతుంది. నీళ్లయితే ఎన్ని మిగిలినా మోల్స్, అంటే పదార్థం మొత్తం, మారవు.)

ఆ పరీక్షల సెలవులు అయ్యాక అటెండర్ బాబాయ్‌ని బతిమాలి మధ్యాహ్నాలు ల్యాబ్ తీయించుకున్నాను. మా కెమిస్ట్రీ మేడం ఒప్పుకున్నారు, ఒంటరిగా ఉండొద్దని ఇంకో అమ్మాయిని తోడు పెట్టారు. ఆక్సాలిక్ ఆసిడ్‌లో సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపి, ఫ్లాస్క్ చేత్తో పట్టుకోలేనంత వేడి చేసి, పర్మాంగనేట్ ఒక్కో చుక్కా వదలాలి. మొదటి చుక్క మొండికేస్తుంది. గులాబీ రంగు అలాగే నిలబడిపోతుంది. అప్పుడే ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిన గుర్తు) వచ్చేసిందా అని కంగారు పడి ఆపేశాను నేను. కాసేపు ఊపితే రంగు పోయింది. రెండో చుక్క త్వరగా, మూడోది ఇంకా త్వరగా. చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ చర్యను వేగం చేస్తాయి. ఆటోకాటలిసిస్ అని మూడు మార్కుల ప్రశ్నగా చదివిన మాట కళ్లముందు అలా జరుగుతుంటే ఇద్దరం నోరు తెరుచుకుని చూశాం. ఆ రోజు నా రీడింగులు 19.6, 19.9, 19.7. ఒకదానితో ఒకటి సరిపోకపోయినా అవే రికార్డులో రాశాను.

ఉద్యోగానికి ఇది ఎలా పనికొస్తుందనేగా మీ నాన్నగారి ప్రశ్న? సరిగ్గా ఇక్కడే. మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో మా పని హెచ్‌పీఎల్‌సీ మీద, అంటే మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం. మాత్రలో మందు ఉండాల్సినంత ఉందా, మలినాలు ఎంత ఉన్నాయి అని చూస్తాం. మొబైల్ ఫేజ్ (శాంపిల్‌ను మోసుకెళ్లే ద్రవం) కలపడం, ఫిల్టర్ చేయడం, కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) సర్దుకునేదాకా కాచుకోవడం, స్టాండర్డ్ (మందు ఎంత ఉందో ముందే తెలిసిన నమూనా) ఐదారుసార్లు ఇంజెక్ట్ చేసి అన్నీ దగ్గరగా వస్తున్నాయో లేదో చూసుకోవడం, అప్పుడు శాంపిల్. ప్రతి ఇంజెక్షన్‌నీ కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. వెనక్కి లెక్కగట్టి రాసే విద్య ఇక్కడ చూపిస్తే ఉద్యోగం పోతుంది.

నేను చేరిన కొత్తలో బ్యాలెన్స్ (తూకం యంత్రం) ప్రింటర్‌లో పేపరు అయిపోయింది. తూకం మర్చిపోతానేమోనని గ్లోవ్ మీద పెన్నుతో రాసుకున్నాను, 50.23 మిల్లీగ్రాములు అని. సూపర్‌వైజర్ సార్ చూశారు. "అమ్మా, ఆ గ్లోవ్ విప్పు." చెత్తబుట్టలో వేస్తారనుకున్నాను. కవర్లో పెట్టి, దాని మీద తేదీ వేయించి, నాతో సంతకం పెట్టించారు. మొదట ఎక్కడ రాస్తే అదే అసలు రికార్డట! ఆ బ్యాచ్ కాగితాలకు నా గ్లోవ్‌ని జతచేసి, ఎందుకలా జరిగిందో నాతో వివరణ రాయించారు. కొన్ని నెలలపాటు షిఫ్టంతా నన్ను "గ్లోవ్ మేడం" అనే పిలిచారు.

చదువు విషయానికొస్తే, ఆర్గానిక్‌ను బట్టీ పట్టకండి. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో బాణాలు వేసుకుంటూ పోతే ఆల్డాల్, కానిజారో చర్యలు రెండూ ఒకే కథకు రెండు మలుపుల్లా కనిపిస్తాయి. ఫిజికల్ కెమిస్ట్రీకి లెక్కలు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి (ఒకే సబ్జెక్టు ప్రధానం) వచ్చింది. మా రోజుల్లోలాగా మూడు సబ్జెక్టులూ సమానంగా చదివే పద్ధతి కాదది. కాబట్టి మీరు చేరే ఏడాది ఏ కాంబినేషన్లు ఉన్నాయో చూసుకుని, వీలుంటే లెక్కలో ఫిజిక్సో పక్కన పెట్టుకోండి. ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ కెమిస్ట్రీ సిలబస్‌లో కూడా డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మాట్రిక్సులు ఉన్నాయి. స్కూల్ టీచర్ ఆలోచన ఉంటే ఫిజిక్స్ మరీ ముఖ్యం. ఫిజికల్ సైన్స్ పోస్టుల అర్హతలు పాత డీఎస్సీ నోటిఫికేషన్లో ముందే చదువుకోండి.

డిగ్రీతోనే ఆగిపోవచ్చా అంటే, ఆగొచ్చు, కానీ ట్రైనీగా మొదలయ్యే జీతం చూసి ఏడుపొస్తుంది. నాకు ఎమ్మెస్సీ ఉన్నా మొదటి నెల చేతికొచ్చింది 9,800. ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్షలు ఇప్పుడు ఆంధ్రలో ఏపీపీజీసెట్, తెలంగాణలో సీపీగెట్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కావాలంటే జామ్: 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. రెండో ఏడు నుంచే పాత పేపర్లు చేయండి. ఒక అపోహ మాత్రం ఇప్పుడే వదిలించుకోండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకి కెమిస్ట్రీ డిగ్రీ చాలదు, అది ప్రధానంగా ఫార్మసీ వాళ్లది.

ఉద్యోగాలు ఉండేది హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, విశాఖ వైపు పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి. కంపెనీ బస్సులు, షిఫ్టులు తప్పవు. ప్రొడక్షన్‌లో రియాక్టర్ల దగ్గర, సాల్వెంట్ల దగ్గర ప్రమాదం ఉన్నమాట నిజం, దాన్ని ఇంట్లో దాచకండి. ఇంటర్వ్యూలో మీరే అడగండి, సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులిస్తారని. ఆ ప్రశ్నకు చిరాకుపడే చోట చేరకండి. ఇక నాన్నగారికి ఒక పేరు కావాలంటే, డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చదివినవారే. మా నాన్న దగ్గర ఈ మాట పనిచేయలేదనుకోండి, మొదటి జీతం పనిచేసింది.

చేరితే ల్యాబ్ కోటు కాటన్‌ది కొనండి. పాలిస్టర్‌ది చవకే కానీ మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. సిల్వర్ నైట్రేట్ వేళ్ల మీద పడితే అప్పుడేమీ కనబడదు, సాయంత్రానికి నల్లబడుతుంది. సబ్బుతో పోదు, నిమ్మకాయతోనూ పోదు, మా అమ్మ పీచు పెట్టి తోమినా పోలేదు. చర్మం ఊడి కొత్తది వచ్చేదాకా ఉంటుంది, పెళ్లిళ్ల సీజన్‌లో జాగ్రత్త.