ఎముక అతికింది, కాలికి బలమెప్పుడు?

ప్రశ్న: మా అత్తకు 72 ఏళ్లు. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మూడు నెలలైంది. ఎముక అతికింది, కాలు మీద బరువు వేయొచ్చు అన్నారు. కానీ కుర్చీలోంచి తనంతట తాను లేవలేదు. ఆ తొడ సన్నబడిపోయింది. వాకర్‌తో నడిచినా ఒళ్లు ఓ పక్కకు వాలిపోతుంది. ఇంకొన్నాళ్లు రెస్టు ఇస్తే బలం వస్తుందా?
– ఒక కోడలు, ఆదోని

జవాబు: రెస్టుతో రాదమ్మా. ఎముక అతకడం వేరు, కండకు బలం రావడం వేరు. కండకు పని పెట్టాలి, ఆ పని కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. పెద్దవయసులో మంచం పట్టిన కొద్ది రోజులకే కండ కరిగిపోతుంది, దెబ్బ తగిలిన కాలిలో మరీను. ఇప్పుడు వీలైనంతవరకు ఆపరేషన్ మర్నాడే నిలబెడుతున్నది అందుకే.

కర్నూలులో నేను ఫిజియోథెరపీకి వెళ్లే ఇళ్లలో తరచూ చూసేదొకటి చెప్తాను. పెద్దామె లేవబోతుంటే చాలు, చెరో పక్క చంకల కింద చేతులేసి ఎత్తేస్తారు. ప్రేమతోనే. కానీ ఆ లేచే పనే ఆమెకు అసలు మందు.

చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. మడిచిన దుప్పట్లు జారకుండా పరిచి సీటు ఎత్తు పెంచండి. పాదాలు కాస్త వెనక్కి జరిపి, బాగా ముందుకు వంగి, కుర్చీ చేతుల్ని నొక్కుతూ లేవమనండి. మీరు పక్కనే ఉండండి, ఎత్తొద్దు. కూర్చునేటప్పుడు ధబీమని పడకుండా మెల్లగా దిగాలి. ఎనిమిది పదిసార్లు తేలిగ్గా చేయగలిగిన రోజు ఒక దుప్పటి తీసేయండి.

ఒళ్లు వాలిపోవడానికి కారణం తుంటి పక్క కండ నీరసించడం. వంటగట్టు పట్టుకుని నిలబడి ఆ కాలిని పక్కకు చాపి దించాలి. ఊపిరి బిగబట్టకూడదు. అలవాటయ్యాక చీలమండకు అరకిలో ఇసుక సంచి కట్టొచ్చు. వాకర్ తీసేయడానికి మాత్రం తొందరపడకండి. కొందరికి మునుపటంత బలం పూర్తిగా రాకపోవచ్చు, అయినా నెలల తరబడి మెరుగుపడుతూనే ఉంటుంది.

ఇక తిండి. సంగటి, చారుతో సరిపెడితే కండ ఎక్కడినుంచి వస్తుంది? 50 కిలోల మనిషికి ఈ దశలో రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. సంగటిలోకి గట్టి పప్పో, ఉలవలో, చెనిక్కాయల ఊరిబిండో ఉండాలి. రెండు పూటలా పెరుగు, తింటే కోడికూర. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడగకుండా పెంచొద్దు.

గజ్జల్లో హఠాత్తుగా నొప్పి, కాలు పొట్టిగా అనిపించడం, పిక్క వాపు ఉంటే వ్యాయామం ఆపి ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆయాసం వస్తే క్షణం కూడా ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి.

జారిపడినంత మాత్రానే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉంటాయి, రెండో తుంటికీ ముప్పే. చాలా ఇళ్లలో ఆపరేషన్ అయిపోగానే ఈ సంగతి మరిచిపోతారు, నాకు బాధగా ఉంటుంది. ఈసారి చూపించడానికి వెళ్లినప్పుడు విటమిన్ డి గురించీ, ఎముక గట్టిపడే మందు గురించీ మీరే అడగండి. జోలెడ్రోనిక్ యాసిడ్ అని ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించేది కూడా ఉంది. అత్తకు అది సరిపడుతుందో లేదో రక్తపరీక్షలు చూసి డాక్టరే చెప్తారు.