కొలెస్ట్రాల్ తగ్గాలంటే పాలగిన్నె వైపు కూడా చూడండి

ఈసారి ప్రశ్నలన్నీ కొలెస్ట్రాల్ గురించే తీసుకున్నాను. రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ అంటే చెడు కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ అంటే మంచి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు అంటే రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, కానీ చాలా ఇళ్లలో జరుగుతున్నది అదే కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్, మా వారికి 44 ఏళ్లు. తెనాలిలో బట్టల కొట్టు, పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా కూర్చునే పని. ఊరికే చేయించిన రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 252, ఎల్‌డీఎల్ 166, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 250 వచ్చాయి. షుగర్, బీపీ లేవు. డాక్టరు గారు మూడు నెలలు తిండి, నడకతో ప్రయత్నించి మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు నుంచి గుడ్లు, రొయ్యలు మానేశాం. ఇడ్లీలోకి పల్లీ పచ్చడి మానేసి కొబ్బరి పచ్చడి చేస్తున్నాను. కొలెస్ట్రాల్ లేదని రాసి ఉన్న సన్‌ఫ్లవర్ నూనె తెస్తున్నాను. పరగడుపున మెంతుల నీళ్లు, రెండు వెల్లుల్లి రెబ్బలు ఇస్తున్నాను. నెల తిరక్కుండానే టెన్షన్ ఆగక మళ్లీ పరీక్ష చేయిస్తే 247. ఇంకేం తాగించాలి? ఇంట్లో నలుగురం. నెలకి 5 లీటర్ల నూనె, కిలో నెయ్యి అవుతాయి. రోజుకి లీటరున్నర గేదె పాలు పోయించుకుంటాం. కొట్లో ఆయన ఆరు టీలు తాగుతారు. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన నాలుగు వాక్యాల్లోనే జవాబు ఉంది. నూనె, నెయ్యి, పాలు, టీ లెక్క ఇంత వివరంగా రాసినవాళ్లు తక్కువ, అందుకే మీ ఉత్తరమే ముందు తీసుకున్నాను.

మన ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారు చేసుకునేదే, తిండి ద్వారా నేరుగా వచ్చేది తక్కువ. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని లోపలికి లాక్కోవడానికి కాలేయం మీద గ్రాహకాలు ఉంటాయి, వాటిని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలకి 1985లో నోబెల్ ఇచ్చారు. మనం సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరి, పామాయిల్ లాంటివాటిలో ఉండే కొవ్వు ఎక్కువగా తింటే ఆ గ్రాహకాలు తగ్గిపోతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. కాబట్టి గుడ్డులో కొలెస్ట్రాల్ ఎంత అనేదాని కంటే రోజంతా కలిపి సంతృప్త కొవ్వు ఎంత లోపలికి పోయిందనేది చాలా పెద్ద విషయం. ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్నవాళ్లకి అది రోజుకి 15 గ్రాముల లోపు ఉండాలి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. లీటరున్నర గేదె పాలని నలుగురికి పంచితే మీ వారి వాటా దాదాపు 375 మిల్లీలీటర్లు, పాలుగా తాగినా పెరుగుగా తిన్నా టీలో పోసినా అందులో సంతృప్త కొవ్వు సుమారు 16, 17 గ్రాములు. నెలకి కిలో నెయ్యి అంటే మనిషికి రోజుకి 8 గ్రాములు, అందులో ఇంకో 5. నూనెలోంచి 4. ఇవి మూడే 25 దాటాయి, ఇంకా కొబ్బరి పచ్చడి, సాయంత్రం పునుగులు లెక్కలోకి రాలేదు. మీరు భయపడి మానేసిన గుడ్డులో సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాము! ఇంటికి గేదె పాలు పోయించుకోవడం మనకి మంచి తిండికి గుర్తు, పిల్లలకి చిక్కటి పెరుగు పెట్టడం ప్రేమ, అందుకే ఎవరికీ అటువైపు అనుమానం రాదు.

ముందు అది మార్చండి. మీ వారి వరకు 3 శాతం కొవ్వు ఉండే టోన్డ్ పాలు, కుదిరితే ఒకటిన్నర శాతం ఉండే డబుల్ టోన్డ్ పాలు తెచ్చి పెరుగు వాటితోనే తోడు పెట్టండి. గేదె పాలు మానలేమంటే కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డ మీగడంతా తీసేయండి. అయితే తీసిన మీగడ వెన్నయి, నెయ్యయి వారం తిరిగేసరికి మళ్లీ అదే కంచంలోకి రాకూడదు, అక్కడే చాలామంది శ్రమ వృథా అవుతోంది. ముద్దపప్పులోకి ఆయనకి ఒక చిన్న చెంచా నెయ్యి వేయండి, అందులో 3 గ్రాములుంటాయి. నెయ్యి పూర్తిగా మానిపించి ఆయన మొహం చిన్నబుచ్చడం నాకిష్టం లేదు, మూడు నెలలు నిలబడే మార్పు కావాలి మనకి.

నూనె సంగతి. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే పదార్థాల్లో ఉంటుంది, గింజల నూనెల్లో పుట్టుకతోనే ఉండదు, కాబట్టి ప్యాకెట్ మీద ఆ మాట చూసి ఎక్కువ డబ్బులు పెట్టకండి. వెనక వైపు సంతృప్త కొవ్వు ఎంతో చూడండి. పామాయిల్‌లో అది దాదాపు సగం ఉంటుంది, కొబ్బరి నూనెలో 80 శాతం పైనే. వేరుశనగ, నువ్వులు, తవుడు, సన్‌ఫ్లవర్ నూనెల్లో చాలా తక్కువ. వీటిలో ఏదైనా సరే, ఒకటి అయిపోయాక ఇంకోటి మార్చుకుంటూ వాడుకోవచ్చు. కొలత మాత్రం తగ్గాలి. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 క్యాలరీలు తినే మనిషికి రోజుకి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అంది. నలుగురికీ కలిపి నెలకి మూడున్నర లీటర్లు, అదీ నెయ్యితో కలిపి. మీరు వాడేది నూనే 5 లీటర్లు. నెల మొదట్లో మూడు లీటర్లు విడిగా ఒక డబ్బాలో పోసుకుని, అయిపోతే మళ్లీ నెలే అనుకోండి, వేపుళ్లు వాటంతటవే ఇగుర్లుగా, పులుసులుగా మారతాయి.

పల్లీ పచ్చడి వెనక్కి తెచ్చుకోండి. పల్లీల్లో కొలెస్ట్రాల్ లేదు, ఉన్న కొవ్వులో ఎక్కువ భాగం మంచిదే. మీరు దాన్ని తీసి కొబ్బరి పెట్టారు, అది తలకిందులు మార్పు. రోజుకి ఒక గుప్పెడు పల్లీలో బాదమో వేయించకుండా, ఉప్పు లేకుండా తినొచ్చు.

మెంతుల నీళ్ల గురించి అడిగారు. మెంతుల్లో మేలు చేసేది జిగురుగా ఉండే పీచు, అది చాలావరకు గింజలోనే ఉంటుంది, మీరు నీళ్లు తాగించి గింజలు పారేస్తుంటే ఫలితం ఏముంటుంది? నానిన గింజలు నమిలి తినాలి. బార్లీ కూడా అంతే, వడకట్టి నీళ్లు తాగే కంటే ఉడికించి మెతుకులతో సహా తినాలి. ఈ పీచు ఎలా పనిచేస్తుందంటే, కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారు చేసి పేగుల్లోకి పంపుతుంది, మామూలుగా అందులో చాలా భాగం తిరిగి కాలేయానికి చేరుతుంది. జిగురు పీచు దాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతే, కొత్తది తయారు చేయడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కోక తప్పదు. ఇలాంటి పీచు రోజుకి 5 నుంచి 10 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. దానికి విదేశీ గింజలే కొనక్కర్లేదు. చిక్కగా వండిన పప్పు, శనగలు, అలసందల గుగ్గిళ్లు, ఉలవలు, బెండకాయ, వంకాయ, చిక్కుడు, జామకాయ, బత్తాయి తొనలు, ఇవన్నీ పనికొస్తాయి. గోరుచిక్కుడు కూడా వండండి, దాని గింజల నుంచే కదా గ్వార్ గమ్ అనే జిగురు తీస్తారు. వెల్లుల్లి తింటే తప్పు లేదు, దానివల్ల తగ్గేది చాలా కొద్ది.

ఆయన ట్రైగ్లిజరైడ్లు 250 ఉండడానికి, హెచ్‌డీఎల్ 36కి పడిపోవడానికి కారణం కొవ్వు ఒక్కటే అనుకోకండి. ఆరు టీలకి రెండేసి చెంచాల పంచదార అనుకున్నా రోజుకి 50 గ్రాముల దాకా అవుతుంది. దాని మీద రెండు పూటలా కంచం నిండా తెల్లన్నం, 12 గంటలు కుర్చీ. టీలు రెండుకి తగ్గించి పంచదార సగం చేయండి. అన్నం మూడో వంతు తీసేసి ఆ ఖాళీలో కూర, పప్పు పెట్టండి. జొన్నరొట్టె, కొర్రన్నం మంచివే, అయితే అవీ పిండిపదార్థాలే కాబట్టి కొలత మర్చిపోవద్దు. మందు, సిగరెట్ గురించి మీరు రాయలేదు. ఉంటే వాటి సంగతి ఈ లెక్కలన్నిటికంటే ముందు చూడాలి, మందు ట్రైగ్లిజరైడ్లని పెంచుతుంది, సిగరెట్ హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది. నడక వారానికి 150 నిమిషాలు, చమట పట్టేంత వేగంగా. కొట్టు వదిలి రాలేనంటే మధ్యాహ్నం భోజనం తర్వాత పావుగంట, రాత్రి ఇంటికొచ్చి తిన్నాక పావుగంట. నడకతో ఎల్‌డీఎల్ పెద్దగా తగ్గదు, ట్రైగ్లిజరైడ్లు, పొట్ట తగ్గుతాయి.

252 నుంచి 247కి వచ్చింది మార్పు కాదు, అదే మనిషికి ఒకే వారంలో రెండుసార్లు చేసినా ఆ మాత్రం తేడా వస్తుంది. ఈ మార్పులు మొదలుపెట్టిన రోజు క్యాలెండర్ మీద రాసుకుని 12 వారాల తర్వాతే వెళ్లండి. ఈలోపు ఒక్క పని, థైరాయిడ్ పరీక్ష చేయించారో లేదో చూడండి, అది మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అప్పుడు కంచం ఎంత మార్చినా లాభం కొంతే.

ప్రశ్న: నాకు 29. సన్నగా ఉంటాను, శాకాహారిని, రోజూ పరుగెత్తుతాను. అయినా ఎల్‌డీఎల్ 212. మా నాన్నగారికి 41 ఏళ్లకే స్టెంట్ వేశారు. సహజంగానే తగ్గించుకోవాలని ఉంది. ఏ డైట్ పాటించాలి? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: బాబూ, మీకు డైట్ చెప్పి పంపేస్తే నేను తప్పు చేసినట్టే. ఎల్‌డీఎల్ 190 దాటి, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు ఉంటే వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్‌ని అనుమానించాలి, అది సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. ఇందాక చెప్పిన గ్రాహకాలు పుట్టుకతోనే సరిగ్గా పనిచేయవు, మీ తిండిలో తప్పు లేదు, మీ క్రమశిక్షణలోనూ లోటు లేదు. ఎంత నిష్ఠగా తిన్నా తిండితో తగ్గేది సాధారణంగా 10 నుంచి 20 శాతం, అంటే మీరు 170 దగ్గరే ఆగిపోతారు. ఈ నెలలోనే గుండె డాక్టర్ని కలవండి. మాత్ర రాస్తే వేసుకోండి, పరుగు, తిండి అలాగే కొనసాగించండి. వంశపారంపర్యంగా పెరిగే ఒక రకం కొలెస్ట్రాల్ కణాన్ని కొలిచే లైపోప్రోటీన్ ఏ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలని భారత కార్డియాలజీ సొసైటీ 2024లో చెప్పింది, అదీ అడగండి. అన్నిటికంటే ముఖ్యం, మీ అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ కూడా పరీక్ష చేయించండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఖమ్మంలో ఉండే అమ్మకి రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, యాపిల్ సైడర్ వెనిగర్, తేనె కలిపి మరిగించిన కషాయం గురించి వీడియోలో చూసి, అది తాగుతూ కొలెస్ట్రాల్ మాత్ర మానేసింది. మాత్రలు కెమికల్స్ అంటుంది. వచ్చే నెల మా దగ్గరికి వస్తోంది. ఎలా చెప్పాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: వచ్చే నెల దాకా ఆగకండి, ఈ రోజే ఫోన్ చేసి మాత్ర మళ్లీ మొదలుపెట్టే విషయం వాళ్ల డాక్టరుతో మాట్లాడించండి. స్టెంట్ పడ్డవాళ్లకి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి, ఏ కషాయమూ అక్కడికి తీసుకురాలేదు. ఆ మాత్ర ఎల్‌డీఎల్‌ని 30 నుంచి 50 శాతం తగ్గించడమే కాదు, రక్తనాళంలో పేరుకున్న పూడిక పగలకుండా కాపాడుతుంది.

అమ్మకి ఇంకో మాట కూడా చెప్పండి. స్టాటిన్ మందులకి, అంటే ఇలాంటి కొలెస్ట్రాల్ మాత్రలకి, మూలం ఒక బూజు. జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన 1970లలో వేల రకాల బూజుల్ని పరీక్షించి అలాంటి మొదటి పదార్థాన్ని కనిపెట్టారు. ప్రకృతిలోంచి వచ్చిందే కదా అంటే అమ్మ వినొచ్చు. ఒకవేళ కండరాల నొప్పుల వల్ల మానేసి ఆ సంగతి మీకు చెప్పడం లేదేమో, మెల్లగా అడగండి, చాలామంది పెద్దవాళ్లు అలాగే చేస్తారు. అలాగైతే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే మాత్ర ఇస్తారు. డాలస్ వచ్చాక గ్రేప్‌ఫ్రూట్ రసం మాత్రం ఇవ్వకండి, కొన్ని స్టాటిన్‌ల మోతాదు దానివల్ల రక్తంలో పెరిగిపోతుంది. ఇసబ్‌గోల్ వాడుతుంటే మాత్రకీ దానికీ రెండు గంటలైనా తేడా పెట్టండి.

ప్రశ్న: ఎల్‌డీఎల్ 138. గుడ్డు తినొచ్చా? పచ్చసొన తీసేయాలా? పండక్కి గారెలు కూడా తినకూడదా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: షుగర్, గుండెజబ్బు లేకపోతే రోజుకి ఒక గుడ్డు సొనతో సహా తినండి, ఉడకబెట్టి. నూనెలో ముంచి తీసిన ఎగ్ బజ్జీకి ఈ జవాబు వర్తించదు. గారెలు పండగ రోజు ఇంట్లో కొత్త నూనెలో వేసినవి మూడు తినండి, పెరుగులో వేసుకుంటే ఆ పెరుగు మీగడ లేనిది చూసుకోండి. ఆ మిగిలిన నూనెని వారమంతా మళ్లీ మళ్లీ కాచి వాడకుండా ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పి పెట్టండి.