పుస్తకం మూసెయ్యబాకు చిట్టీ

కావలి

చిట్టికి,

మీ అమ్మ ఫోన్ చేసింది. "మన పిల్ల బళ్ళో పుస్తకాలన్నీ బీరువాలో పెట్టేసి, సొంతంగా పాఠాలు రాసి చెప్తుందంటక్కా" అని ఒకటే మురిసిపోయింది. మనింట్లో పాఠం రాసే ధైర్యం ఒకదానికన్నా వచ్చిందని నాకూ సంతోషమే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలా. ఫోన్లో చెప్దామంటే సగంలోనే అడ్డంపడి వాదిస్తావు. అందుకే ఈ జాబు.

ముందు తేలికవి చెప్పేస్తా. హెడ్మాస్టరుకి చెప్పకుండా ఏదీ మొదలుపెట్టబాకు. పాఠ్య ప్రణాళిక ఎప్పటికప్పుడు రాసిపెట్టుకో, మండల విద్యాధికారి (ఎంఈఓ) వస్తే ముందు అడిగేది అదే. విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ చదువు: సిలబస్ మొత్తం గడువులోపల పూర్తి చెయ్యడం టీచరు బాధ్యత అని రాసుంది. ఏం నేర్పాలో తేల్చేది రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ. ఎట్టా నేర్పాలన్నది చాలావరకు నీ ఇష్టం. ఆ జాగా నువ్వనుకున్నంత ఇరుకేం కాదు.

ఇక నన్ను నిద్ర పోనియ్యని సంగతి.

1996లో డీపెప్ అని జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చినప్పుడు రాష్ట్రంలో ముందు తీసుకున్న జిల్లాల్లో మన నెల్లూరు ఒకటి. టీచరుకి ఏడాదికి 500 రూపాయలు బోధనోపకరణాలకని ఇచ్చేవాళ్ళు. అట్టలు, పూసలు, జిగురు, రంగు కాగితాలు, ఏ బడి చూసినా తిరణాలే. (సగం చార్టులు పిల్లల చేతికి అందకుండా పైన గోడకి వేలాడేవి, అది వేరే కథ.) ఆ రోజుల్లో నాతో పనిచేసిన ఒక మాస్టారు ఉండేవాడు. పేరొద్దులే. అంత బాగా లెక్కలు చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు. జూన్‌లో పుస్తకాలు పంచిన రోజే పిల్లలతో "ఇవి ఇంట్లో దాచుకోండి, మనకి వీటితో పన్లేదు" అన్నాడు.

కోతలప్పుడు పిల్లల్ని కళ్ళంలోకి తీసుకుపోయేవాడు. వడ్లకి నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు కదా. "బస్తాకి 70 కిలోలు పడితే పుట్టికి ఎన్ని బస్తాలురా? ఆఖర్న ఎంత మిగుల్తుంది?" అని అడిగేవాడు. పన్నెండు బస్తాలు, పది కిలోలు మిగులు అని నాలుగో తరగతి పిల్లలు వేళ్ళ మీదే చెప్పేవాళ్ళు. కౌలు పోను ఎంత, కూలి పోను ఎంత, అన్నీ నోటి లెక్కలే. రైతులు ఆగి వినేవాళ్ళు. నా తరగతి పిల్లలు కిటికీలోంచి అటే చూస్తుంటే నాకు కడుపుమంటగా కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

దసరా సెలవులయ్యాక ఆయనకి ప్రమోషన్ వచ్చింది. పాఠాలు రాసుకున్న నోటుపుస్తకాలు ఆయనవే, సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. అది తప్పని ఎవరికీ తట్టలా. కొత్తగా వచ్చినాయన "ఎన్నో పాఠం దాకా అయింది?" అని అడిగితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుస్తకాలు తెమ్మంటే తెచ్చారు. ప్రెస్సు నుంచి వచ్చినట్టే ఉన్నాయి, పేజీలు ఒకదానికొకటి అంటుకుని. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. కళ్ళంలో పుట్లు లెక్కగట్టిన పిల్లలు మళ్ళీ కూడికల దగ్గర కూచున్నారు.

ఆ తరగతిలో ఒక పిల్ల గురుకులం పరీక్ష రాసింది. ఐదో తరగతిలో సీటొస్తే తిండీ బట్టా చదువూ అన్నీ అక్కడే. వాళ్ళ నాన్న లేడు. అందరికంటే చురుకు, సీటు ఖాయమనుకున్నాం. రాలా. ఏమైందే అంటే, లెక్కలు తెలుసంట, కానీ కాగితం మీద నాలుగు వరసల్లో ఉన్న లెక్కని తనంతట తాను చదువుకుని, ఏం అడిగారో అర్థం చేసుకోవడం ఎప్పుడూ చెయ్యలేదంట. మాస్టారు చెప్పేవాడు, వీళ్ళు వినేవాళ్ళు. అచ్చులో ఉన్న లెక్క చదవడం కూడా ఒక విద్యేనని ఆ పిల్లని చూశాకే నాకు తెలిసింది.

ఇప్పుడు ఇక్కడే కావలిలో టిఫిన్ బండి పెట్టుకుంది. నేను పర్సు తీసేలోపు చిల్లర లెక్కగట్టేస్తుంది. "సారు చెప్పిన లెక్కలే ఇప్పటికీ అన్నం పెడతన్నాయి టీచర్. కాగితం చూస్తే మాత్రం భయం పోలా" అంది ఒకసారి. ఆయన మీద ఒక్క మాట పడనియ్యదు.

నువ్వు పనిచేసేది కనిగిరి అవతల. బతుకుతెరువు కోసం సంసారాలు మూటాముల్లె సర్దుకుని పోయే చోటు. మిరపకోతలకి గుంటూరు వైపు పోయే తల్లితో నీ పిల్ల కూడా పోతుంది, అక్కడ ఏదో బళ్ళో కూచుంటుంది. ఆ బళ్ళో ఉండేది కూడా అదే పుస్తకం, అదే పేజీ. నువ్వు రాసిన పాఠం ఆ పిల్ల సంచిలో ఉండదు. ఇంకో సంగతి, చాలా ఇళ్ళల్లో ఉండే అచ్చు పుస్తకం అదొక్కటే. ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరైనా అక్షరాలు వచ్చినవాళ్ళుంటే పిల్లతో పాటు కూచుని చూస్తారు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎట్టా?

నన్ను పుస్తకాల పిచ్చిదాన్ననుకోబాకు. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిపూట ఆడవాళ్ళకి చదువు చెప్పినదాన్ని. 'సీతమ్మ కథ' పాఠం చెప్పుకుంటుంటే, సారాయి తాగే మొగుడి సంగతి వచ్చేసరికి ఎవరూ పలక మీద రాసేవాళ్ళు కాదు, మాట్లాడేవాళ్ళు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మా వాళ్ళూ సారాయి మీద ఎట్టా తిరగబడ్డారో నీకు తెలుసు. ఆ 1992 గొడవే రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మనవాళ్ళ బతుకులోంచి తీసి రాసిన పాఠానికి అంత బలం ఉంది. కానీ అది అచ్చయి, ఊరూరా చేతుల్లో పడిన పాఠం. చెప్పే మనిషి మారినా పాఠం ఊళ్ళోనే ఉండింది.

కాబట్టి రాయి. పుస్తకం ఎక్కడ మీ ఊరికి అందదో అక్కడ రాయి. ఒకటి నేనే చూపిస్తా. ఏ పరిసరాల పుస్తకం చూసినా నీళ్ళు కాచి వడపోసి తాగమంటుంది. మీ వైపు బోర్లలో ఉండేది ఫ్లోరైడ్. కాస్తే పోదు సరికదా, నీళ్ళు ఆవిరై రొంత చిక్కబడుతుంది కూడా. పుస్తకం చెప్పినట్టే చెప్పి ఊరుకుంటే ఆ ఊరి పిల్లలకి అన్యాయం చేసినట్టే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. మీ బోరులో ఎంతుందో పల్లెల్లో మంచినీళ్ళ సంగతి చూసే ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళని అడుగు, ఆ అంకె బోర్డు మీద వేసి దాంతోనే దశాంశాలు చెప్పు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: ఆ ఫ్లోరైడ్‌కి పళ్ళు గారపట్టిన పిల్లని లేపి నోరు తెరిచి చూపించమనబాకు. ఆ పిల్ల మళ్ళీ తరగతిలో నవ్వదు.

రాసిన ప్రతి పాఠం పైన పుస్తకంలో ఎన్నో పాఠానికి, ఎన్నో పేజీకి జతో రాసిపెట్టు. రెండు ప్రతులు రాయి, ఒకటి బడి బీరువాలో ఉండాలి. బీరువాలో ఉండాల్సింది అదీ, పిల్లల పుస్తకాలు కాదు. వారానికి రెండు లెక్కలన్నా నువ్వు నోరు విప్పకుండా వాళ్ళనే చదువుకోనియ్యి. బదిలీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు. కౌన్సెలింగ్‌లో పేరొచ్చాక సర్దుకునే టైముండదు.

రాత్రి పన్నెండింటిదాకా రాస్తన్నావంట, మీ అమ్మ అదీ చెప్పింది. మానుకో. పొద్దున ఏమన్నా తిని బడికి పోతన్నావా, టీతో సరిపెడతన్నావా? నీకు చిన్నప్పటి నుంచీ ఆ జబ్బుంది. రెండో శనివారం కావలి రా, ఆ నీళ్ళ పాఠం తెచ్చుకో, కూచుని దిద్దుదాం. ఎర్రపెన్ను నా దగ్గరుంది. చేపల పులుసు చేస్తా.

మీ పెద్దమ్మ

తా.క.: ఇప్పటికే బీరువాలో పెట్టిన పుస్తకాలకి చెదలు పట్టాయేమో సోమవారమే తీసి చూడు.