‘ఒట్టు తీసి గట్టున పెట్టేశాను’ అని వాడితో చెప్పండి

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు సహకార నగర్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి జక్కూరులో పైలట్ శిక్షణలో ఉన్నాడు. ఎక్కడో చిన్న విమానం టేకాఫ్ అయిన కాసేపటికే కూలి మనుషులు పోయారని టీవీలో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సౌందర్య పోయింది కూడా జక్కూరు నుంచి ఎగిరాకే కదా! మానేస్తానని నా తల మీద ఒట్టు వేయమన్నాను. వాడు వేయలేదు సరికదా, ఏ రోజు ఫ్లయింగ్ ఉందో చెప్పడమే మానేశాడు. మా ఆయనేమో ‘మరి లోన్ ఎవరు కడతారు?’ అంటారు. ఏం చేయను?

జవాబు: మీ భయాన్ని నేను తీసిపారేయను. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్ బయల్దేరిన ఆ సెస్నా విమానం లేచిన కాసేపటికే జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలింది. సౌందర్య, ఆమె సోదరుడు అమరనాథ్, పైలట్‌తో సహా నలుగురూ పోయారు. మీరుండేది ఆ చుట్టుపక్కలే. మరిచిపొమ్మంటే ఎలా మరిచిపోతారు?

టేకాఫ్ గడ్డు సమయమన్నదీ నిజమే. అప్పటికి ఎత్తూ తక్కువ, వేగమూ తక్కువ. ఇంజిన్ మొరాయిస్తే చేతిలో ఉండేవి సెకన్లే. అందుకే శిక్షణలో ఒకటే నూరిపోస్తారు: ముక్కు కిందికి దించి వేగం నిలుపుకో, ఎదురుగా ఉన్న జాగాలోనే దిగు, రన్‌వే కోసం వెనక్కి తిరగబోకు. ఇదంతా మీ అబ్బాయి చేతే చెప్పించుకోండి. వంటగట్టు మీద ఓ గరిటె పెట్టి చూపించమనండి. టీవీలో ఆ మంటలు మళ్లీ మళ్లీ చూడటం కన్నా అది నయం.

నాకు నచ్చనిది ఒట్టు. పైలట్లు ఎక్కే ముందు తమను తామే ప్రశ్నించుకుంటారు: ఒంట్లో బాగుందా, మందులేమైనా వేసుకున్నానా, నిద్ర సరిపోయిందా, మనసులో టెన్షన్ ఉందా అని. ఏదైనా తేడా ఉంటే ‘ఈరోజు ఎగరను సార్’ అనాలి. ఆ మాట అనగలగడమే వాడికి రక్ష. మీవారి లోన్ మాట చెవిలో మోగుతుంటే జ్వరంతోనైనా ఎక్కేస్తాడు. మీ ఏడుపు గుర్తొస్తే రాత్రంతా నిద్రపోడు, పొద్దున ఆ సంగతి ఎవరికీ చెప్పడు. మీరిద్దరూ చెరోవైపు లాగుతూ వాడి నోరు మూయిస్తున్నారు.

అందుకని ‘ఒట్టు తీసి గట్టున పెట్టేశానురా’ అని వాడితో పైకే అనండి. దిగాక ఒక్క మెసేజ్ పెడితే చాలని చెప్పండి. బయల్దేరే ముందు మాత్రం ఫోన్ చేయకండి. ‘ఎగరని రోజు ఎందుకు ఎగరలేదని అడగను’ అని మీవారు తన నోటితోనే చెప్పాలి, మీ ద్వారా కాదు.

నిద్ర కోసం మందుల షాపులో మాత్రలు అడక్కండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. మీ ఊళ్లోనే నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది.

ఇంతకీ, వాడికి భయంగా ఉందేమో ఎప్పుడైనా అడిగారా? వాళ్ల నాన్న లేనప్పుడు అడగండి. ఉందంటే వెంటనే మానెయ్యమనకండి, ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడనివ్వండి. మానేస్తానని వాడంతట వాడే అంటే మాత్రం, ఆ రాత్రికి లోన్ ఊసెత్తనని మీవారి దగ్గర ముందే మాట తీసుకుని ఉంచండి.