రిపోర్టు వెనక్కి వస్తే ఇంగ్లీష్ రానట్టు కాదు

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీతో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఫోన్ల వల్ల పిల్లలు చెడిపోతున్నారని ప్రాజెక్టు రిపోర్టులో రాస్తే, 'ఇది ఎంపిరికల్ క్లెయిమ్ కాదు, మార్చి రాయి' అని మేడమ్ వెనక్కి ఇచ్చారట. తనకు ఇంగ్లీష్ రాదని తేలిపోయింది. డేటా అనలిటిక్స్ చేసినవాళ్లందరికీ ఉద్యోగాలు వస్తున్నాయి. సైకాలజీ మాన్పించి అందులో చేర్చాలా, ఇంగ్లీష్ కోచింగ్ ఇప్పించాలా? పోల్చి చెప్పండి.

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అన్నిటి వెనకా ఉన్న భయం ఒకటే, పిల్ల వెనకబడిపోతోందేమోనని. మీ అమ్మాయి వెనకబడలేదు. రాసింది శ్రద్ధగా చదివి ఎక్కడ దిద్దుకోవాలో చెప్పే మేడమ్ దొరికారు, అంతే.

ఎంపిరికల్ అన్న మాట 'అనుభవం' అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి వచ్చింది. ఎంపైర్‌తో దీనికి చుట్టరికం లేదు, అది లాటిన్ నుంచి వచ్చిన మాట. చూసో, కొలిచో, లెక్కపెట్టో తేల్చుకోగలిగిన మాటే ఎంపిరికల్ క్లెయిమ్. మన తర్కశాస్త్రం చెప్పే ప్రత్యక్ష ప్రమాణం, అంటే కళ్లూ చెవుల్లాంటి ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం, దీనికి దగ్గరగా ఉంటుంది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఎంపిరికల్ అంటే రుజువైనది అనుకుంటారు. కాదు, పరీక్షించి చూడదగినది అని. పరీక్షలో ఓడిపోయినా అది ఎంపిరికల్ క్లెయిమే. 'గాలి లేని చోట కూడా బరువైన వస్తువే ముందు పడుతుంది' అన్నారనుకోండి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి. ఆ మాట తప్పని తేలింది, తేల్చగలిగే మాట కాబట్టే తేలింది.

'పిల్లలు చెడిపోతున్నారు' అన్నదాన్ని దేనితో కొలుస్తాం? అది అభిప్రాయం. 'రోజుకు మూడు గంటలకు మించి ఫోన్ చూసే పిల్లలు తక్కువసేపు నిద్రపోతున్నారు' అని రాస్తే లెక్క తీసి చూడొచ్చు. అది నిజమని తేలినా 'ఫోన్ వల్లే' అనడానికి వీల్లేదు. నిద్ర పట్టని పిల్లలే ఫోన్ పట్టుకుంటున్నారేమో! అందుకే ఇంగ్లీష్ పరిశోధన వ్యాసాల్లో ప్రూవ్స్ (రుజువు చేస్తోంది) అనరు, సజెస్ట్స్ (సూచిస్తోంది) అంటారు. కాజెస్ (కారణమవుతోంది) అనే ముందు అసోసియేటెడ్ విత్ (సంబంధం కనిపిస్తోంది) దగ్గర ఆగుతారు. ఈ తేడా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో నేర్పేది కాదు.

ఇక మీ ఉత్తరం చూద్దాం. 'అందరికీ ఉద్యోగాలు వస్తున్నాయి' అన్నారు. ఇది అచ్చమైన ఎంపిరికల్ క్లెయిమ్. మీరు పరీక్షించారా? ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలే ప్రకటనల్లో ఉంటాయి, రానివాళ్లవి ఉండవు. కిందటి ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎవరికి ఏ పని దొరికింది అని కోర్సు నడిపేవాళ్లను అడగండి. ఉద్యోగం రాని ఇద్దరితో మాట్లాడించమనండి. కుదరదంటే ఫీజు కట్టకండి. ఈ కోర్సుల మీద నాకు చాలాకాలంగా అనుమానం ఉంది. కొన్ని నెలల్లో టూల్స్ నేర్పి పంపేస్తారు. చార్టులు గీసే పని సాఫ్ట్‌వేరే చేసేస్తున్న రోజులివి. ఈ డేటాతో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుందా లేదా అని ఆలోచించేవాళ్లే తక్కువ. ఆ మేడమ్ మీ అమ్మాయికి నేర్పుతున్నది సరిగ్గా అదే. సైకాలజీలో స్టాటిస్టిక్స్ ఉంటుంది, తర్వాత డేటా వైపు వెళ్లాలన్నా దారి మూసుకుపోదు.

'ఇంగ్లీష్ రాదని తేలిపోయింది' అన్నారు. ఒక్క వాక్యం మీద వచ్చిన ఒక్క వ్యాఖ్యతో ఎలా తేల్చారండీ? కోపం తెచ్చుకోకండి, కానీ ఇంత ఉత్తరంలో తను ఏం చదవాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదు కాబట్టే రాయలేదని నా అనుమానం.

పోలిక అడిగారు గానీ, ఇప్పుడు కోచింగూ వద్దు, మాన్పించడమూ వద్దు. ఆ వాక్యాన్ని తననే తిరగరాయనివ్వండి. రాశాక, ఎందుకలా మార్చిందో మీకు తెలుగులో చెప్పమనండి. తను ముగించేదాకా మధ్యలో మాట్లాడకండి.