గుర్రానికి రంగు వేసే ముందు

చిరంజీవి శ్రీకాంత్‌కి,

బాబాయి ఆశీస్సులు. వేలంలో పాత రంగులరాట్నం గుర్రం ఒకటి కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఈ శనాదివారాల్లో రంగంతా గీకేసి, తెల్లగా మెరిసేలా పెయింట్ కొట్టి హాల్లో పెడతావట. కాస్త ఆగు నాయనా.

రిటైరయ్యాక నేను పట్టుకున్న పని ఇదే కాబట్టి చెబుతున్నాను. నా మొదటి గుర్రానికి నేనూ నీలాగే తొందరపడ్డాను. పెయింట్ తీసే కెమికల్ పూసి మధ్యాహ్నానికల్లా కర్ర బయటపెట్టాను. సాయంత్రం చూస్తే తుడిచిన గుడ్డ నిండా బంగారు పొడి. జీను అంచున బంగారు రేకుతో వేసిన లత ఉండేదని అప్పుడు తెలిసింది. ఆ గుడ్డ ఇప్పటికీ దాచుకున్నాను.

ముందు అది ఎక్కడి గుర్రమో తేల్చుకో. అమెరికా రాట్నాలు గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతాయి, అంటే చూసేవాళ్లకు కనబడేది గుర్రం కుడి పక్క. అందుకే చెక్కేవాళ్లు పూలు, జూలు, పట్టీలు అన్నీ కుడి పక్కనే కుమ్మరించి ఎడమ పక్క బోసిగా వదిలేవారు. ఆ సింగారించిన పక్కని రొమాన్స్ సైడ్ అంటారు. నీ గుర్రానికి సింగారం ఎడమ పక్కన ఉంటే ఇంగ్లండుది కావచ్చు. అక్కడి రాట్నాలు ముల్లుతోపాటే తిరుగుతాయి.

తర్వాత ముఖం చూడు. నరాలు, కండలు నిజం గుర్రంలా ఉంటే ఫిలడెల్ఫియా పని. జర్మనీ నుంచి వచ్చిన గుస్తావ్ డెంట్‌జెల్ అక్కడ 1860లలో మొదలుపెట్టిన పద్ధతి అది. జూలు గాలికి ఎగిరిపడుతూ, ఒంటినిండా గాజు రాళ్లు, బంగారు రేకు ఉంటే న్యూయార్క్ సముద్రతీరంలోని కోనీ ఐలాండ్ వాటం. అక్కడ 1876లో మొదటి రాట్నం పెట్టినవాడు చార్లెస్ లూఫ్. ఆ ఊళ్లోనే పనిచేసిన మార్కస్ ఇలియన్స్ యూదుల ప్రార్థనా మందిరాలకూ చెక్కపని చేశాడు. మన రథాలు చెక్కే చేతులే సంతబొమ్మలూ చెక్కినట్టు! ఇక గుర్రం చిన్నదిగా, కాళ్లు చాచి, నగా నట్రా లేకుండా ఉంటే హర్షెల్ కంపెనీదో పార్కర్ కంపెనీదో అయ్యుంటుంది. ఊరూరూ విప్పి, ఎక్కించి, దింపే రాట్నాలవి. మన జాతర రాట్నాలకు దగ్గర చుట్టాలు. ధర తక్కువ పలుకుతాయి గానీ నాకు ఇవే ఇష్టం.

పొట్ట మీద వేళ్లతో కొట్టి చూడు, డొల్లగా మోగుతుంది. ఒకే దుంగలో చెక్కినవి కావు ఇవి. బాస్‌వుడ్ పలకల్ని జిగురుతో పెట్టెలా అతికించి, పైనుంచి చెక్కుతారు. తల, మెడ, కాళ్లు విడిగా చేసి కలుపుతారు. కాళ్లకు కర్ర నార నిలువుగా వచ్చేలా చూసుకోకపోతే చీలమండ దగ్గర విరుగుతుంది. బాస్‌వుడ్ కొండపల్లి వాళ్ల తెల్లపొణికి లాంటిదే: తేలిక, మెత్తన, ఉలి చెప్పినట్టు వింటుంది. వాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఇక్కడ అమెరికాలో పాతకాలం వాళ్లు పశువుల తోలు కాచిన జిగురు వాడారు. అతుకు ఊడితే నువ్వూ అదే వాడు. వేడి, తడి తగిలితే అది విడుతుంది, రేపు ఇంకొకడు విప్పి బాగుచేసుకోగలడు. ఎపాక్సీ అనే రసాయన జిగురు పోశావంటే మళ్లీ విప్పాలంటే కర్ర బద్దలు కొట్టాల్సిందే. ఇనుప మేకులు అసలు దగ్గరికి రానీకు. హాల్లో పెట్టుకో గానీ హీటర్ పక్కన మాత్రం వద్దు. చలికాలపు పొడి గాలికి అతుకులన్నీ నోళ్లు తెరుస్తాయి.

ఇక రంగు. పార్కుల వాళ్లు ఏళ్ల తరబడి పూతమీద పూత వేశారు. దాన్ని పార్క్ పెయింట్ అంటారు. దాని అడుగున ఫ్యాక్టరీ వాళ్లు వేసిన అసలు రంగు ఉండొచ్చు. జీను కింద, కనబడని చోట, తపాలా బిళ్లంత జాగాలో సర్జన్ కత్తితో పొర పొరగా తీసి చూడు. ఒక్కో పొరకీ ఫోటో తీసుకో. కొలరాడోలోని బర్లింగ్టన్‌లో 1905 నాటి రాట్నం ఉంది. 1928లో ఆ కౌంటీ వాళ్లు 1,250 డాలర్లకు కొన్నారు. దాని 46 జంతువుల మీద పై పూతలు తీస్తే అసలు రంగే బయటపడింది. బ్రూక్లిన్‌లో జేన్ వాలెంటస్ అనే ఆవిడ 1984లో కొన్న రాట్నాన్ని చిన్న కత్తితో ఏళ్ల తరబడి గీకింది. అది జనం ముందుకు వచ్చింది 2011లో.

పాత రంగుల్లో సీసం ఉంటుంది, ఇది మాత్రం మర్చిపోకు. టెస్ట్ చేయించేదాకా గీకొద్దు. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దడం, హీట్ గన్ పెట్టడం పూర్తిగా మానెయ్. సీసం దుమ్ముకి పనికొచ్చే మాస్క్ కొను. పాప పాకే గదిలో అస్సలు పని పెట్టుకోకు.

ఈసారి మా ఇంటికొచ్చినప్పుడు వాషింగ్టన్ పక్కనున్న గ్లెన్ ఎకో పార్కుకి తీసుకెళ్తాను. 1921 నాటి డెంట్‌జెల్ రాట్నం, గుర్రాలతోపాటు కుందేళ్లు, ఉష్ట్రపక్షులు, ఒక జిరాఫీ కూడా ఉన్నాయి. ఆ పార్కులోకి నల్లవాళ్లను రానివ్వని రోజుల్లో, 1960 జూన్ 30న, హోవర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు ఈ జంతువుల మీదెక్కి దిగమన్నా దిగలేదు. ఐదుగురిని అరెస్టు చేశారు. మరుసటేడు గేటు అందరికీ తెరిచారు. నేను అక్కడికి వెళ్లినప్పుడల్లా జీనుల మీద అరిగిన చోట్లే చూస్తుంటాను.

రేపు పగటి వెలుతురులో కుడి పక్క, ఎడమ పక్క, పొట్ట కింద ఫోటోలు తీసి పంపు. పొట్ట కింద అంకెలేమైనా ఉంటే దగ్గర్నుంచి తియ్యి. కొన్న పెయింట్ డబ్బా తెరవకపోతే వాపసు ఇచ్చేయ్.

మీ బాబాయి