కొండ దిగితేనే అరబిక్ వచ్చింది

"అరబిక్ నేర్చుకోవడానికి ఇజ్రాయెల్‌లోని హైఫా వెళ్దామనుకుంటున్నాను. యూదులూ అరబ్బులూ కలిసి ఉండే ఊరంటున్నారు. అక్కడ నిజంగా భాష వస్తుందా? గొడవలుంటాయా? తిండికి ఇబ్బందా?" అని అడిగారు. నేను 2018-19లో అక్కడ పది నెలలున్నాను. భాష వస్తుంది. కానీ ఆ ఊళ్ళో మీరు ఎక్కడ గది తీసుకుంటారన్న దాన్ని బట్టి వస్తుంది.

మాది హైదరాబాద్. ఉర్దూ చదవడం చిన్నప్పుడే వచ్చు, మా ఊళ్ళో అరబ్బు మూలాలున్నవాళ్ళుండే బార్కస్‌లో స్నేహితులున్నారు. ఇంకేం, సగం అరబిక్ వచ్చేసినట్టే అనుకుని విమానం ఎక్కాను. మొదటి వారంలోనే ఆ ధీమా దిగిపోయింది. లిపి చదవగలను సరే, ఉర్దూలో మనం 'జ' అని ఒకటే పలికేసే నాలుగు అక్షరాలు అరబిక్‌లో నాలుగు వేరే శబ్దాలు. గొంతు లోపలి నుంచి పలకాల్సిన 'క'ని మన హైదరాబాదీలు 'ఖ' చేసేస్తారు కదా. నేను 'ఖలమ్' అనగానే టీచరుగారు కళ్ళజోడు తీసి మరీ చూశారు. తీరా బజారుకెళ్తే ఆ 'క' అసలు లేనే లేదు, మింగేస్తారు. పుస్తకంలో 'కహ్వా', ఊళ్ళో 'అహ్వె'. రెండూ కాఫీయే. పుస్తకం భాషని 'ఫుస్‌హా' అంటారు, వార్తలకీ ఉపన్యాసాలకీ అదే. ఇంట్లో, బజార్లో 'ఆమ్మియా'. మన గ్రాంథికం, వ్యావహారికం గొడవ గుర్తుందిగా, అక్కడ అది ఇంకా తీరలేదనుకోండి.

హైఫా మెట్లు మెట్లుగా ఉంటుంది. పైన కార్మెల్ కొండ, యూనివర్సిటీ అక్కడే. మధ్యలో హదర్ అనే పాత పేట. కింద రేవు, దాని దగ్గర వాది నిస్నాస్ అనే అరబ్బుల వాడ. విదేశీ విద్యార్థులు ఎక్కువమంది పైన హాస్టల్లోనే ఉండిపోతారు. అక్కడ ఇంగ్లీషు, హీబ్రూతో రోజు గడిచిపోతుంది. నేనూ నెల రోజులు అలాగే ఉన్నాను. కిందికెళ్ళి కష్టపడి ఒక అరబిక్ వాక్యం కూడబలుక్కుని చెప్తే, కొట్టువాళ్ళు హీబ్రూలో జవాబు చెప్పేవారు. ఇజ్రాయెల్ జనాభాలో సుమారు 21 శాతం అరబ్బులే అయినా, ఇల్లు దాటితే వాళ్ళు హీబ్రూ బాగా మాట్లాడతారు. అరబిక్ మాట్లాడే యూదులు మాత్రం తక్కువ.

అందుకని హదర్‌కి మారాను. ఇంటావిడ ఎనభై దాటిన యూదు మామ్మ, బాగ్దాద్‌లో పుట్టింది. 1950-51లో ఇరాక్ నుంచి దాదాపు 1,20,000 మంది యూదులు వచ్చేశారు, వాళ్ళలో ఈవిడ కుటుంబం ఒకటి. మనవలతో హీబ్రూ, నాతో అరబిక్. ఆ అరబిక్ బాగ్దాద్‌ది. ఎలా ఉన్నావ్ అనడానికి 'ష్లోనక్' అంటుంది, అంటే 'నీ రంగెలా ఉంది' అని. ఏంటి సంగతులు అనడానికి 'షాకు మాకు'. ఇవి నేను క్లాసులో వాడితే, గుంటూరు పాఠం మొదలెట్టి ఆదిలాబాద్ యాస ఎత్తుకున్నట్టు అందరూ నవ్వేవారు. పెళ్ళయ్యాక హైఫాలో ఆ భాష బయట మాట్లాడాలంటే మామ్మకి సిగ్గేసేదట. శత్రువుల భాష అనేవారట అప్పట్లో. నాతో మాట్లాడుతుంటే వంటింట్లో మాటలు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయని ఆవిడే అంది.

ఆ వంటింట్లోనే ఒక తప్పు చేశాను. యూదుల ఆచారంలో మాంసం, పాలు కలవకూడదు, గిన్నెలు కూడా వేరు. నాకు తెలుసు, మర్చిపోయాను. ఒక రాత్రి ఆకలికి అన్నంలో పెరుగు కలుపుకుని చేతికందిన ప్లేటులో తినేశాను. ఎర్రంచు ప్లేటు, మాంసానిది. ఆవిడ అరవలేదు. ప్లేటు తీసి పక్కన పెట్టి, "ఇది ఇక నీదే, నా అలమారలోకి రానివ్వకు" అంది. తెల్లారేసరికి అలమార తలుపుల మీద రెండు టేపు ముక్కలు, వాటి మీద వణుకుతున్న అరబిక్ అక్షరాలు: ఒకదాని మీద 'హలీబ్', రెండో దాని మీద 'లహమ్'. పాలు, మాంసం. బాగ్దాద్ బళ్ళో నేర్చుకున్న చేతిరాత, ఎన్నేళ్ళ తర్వాత రాసిందో. ఆ రెండు మాటల్నీ నేను కంఠతా పట్టాల్సిన పని పడలేదు.

సాయంత్రాలు మెట్లు దిగి వాది నిస్నాస్ వెళ్ళేవాణ్ణి, తిరిగి పైకి కార్మెలిత్‌లో. కొండలోపల నడిచే చిన్న రైలు అది, 1959 నుంచీ ఉంది, ఆరే స్టేషన్లు. కింద ఒక కూరగాయల కొట్టు పెద్దాయన నా అసలు మాస్టారు. అక్కడ పెద్దవాళ్ళని 'అమ్మో' అని పిలుస్తారు, అంటే బాబాయ్. "అమ్మో, టమాటా ఎంత?" అని అడిగేటప్పుడల్లా నాకు నవ్వాగేది కాదు, ధర వినకముందే బెంబేలెత్తినట్టు! ఆయన కూడా నన్ను 'అమ్మో' అనే పిలిచేవాడు. ముందు తికమకపడ్డాను. తర్వాత అర్థమైంది, మనం పిల్లల్ని 'నాన్నా', 'అమ్మా' అనడం లేదూ, అదే. అక్కడా తల్లి బిడ్డని 'మామా' అంటుంది, తండ్రి 'బాబా' అంటాడు. క్లాసులో దీనికి మిగతావాళ్ళకి పావుగంట పట్టింది, నాకు పట్టలేదు.

తెలుగు వాళ్ళకి ఇంకో సుళువుంది. 'హమ్మామ్' అంటే స్నానాలగది, 'హమామ్' అంటే పావురం. తేడా అంతా ఒత్తులోనే. ద్విత్వాలతో పెరిగినవాళ్ళం, మనకది పుట్టుకతో వచ్చినట్టే. మాటలు కూడా ఊరికే దొరుకుతాయి: జవాబు, తారీఖు, హక్కు, బాకీ, ఖాళీ, వకీలు, దుకాణం. ఈద్‌కీ ఈస్టర్‌కీ చేసే ఖర్జూరం బిస్కెట్ పేరు 'మామూల్'. 'చేసినది' అని అర్థం. మన మామూలు కూడా ఆ మాటే, ఆఫీసుల్లో బల్ల కింద ఇచ్చేదానితో సహా. కానీ ఉర్దూని నమ్ముకుంటే ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. "నేను గరీబు విద్యార్థిని, కాస్త తగ్గించండి" అన్నానొకసారి. అరబిక్‌లో 'గరీబ్' అంటే వింతవాడు, పరాయివాడు. పెద్దాయన నన్ను కిందా మీదా చూసి, "అది తెలుస్తూనే ఉంది అమ్మో" అన్నాడు. తగ్గించలేదు.

గొడవల సంగతికొస్తే, నేనున్నన్నాళ్ళూ నా కళ్ళముందు ఏమీ జరగలేదు. కానీ "అరబిక్ ఎందుకు?" అని యూదులూ అరబ్బులూ ఇద్దరూ అడుగుతారు. మామ్మ కొడుకు "హీబ్రూ నేర్చుకో, పనికొస్తుంది" అనేవాడు. కింద కొట్టు దగ్గర ఒక కుర్రాడైతే నవ్వకుండా అడిగాడు. అక్కడ అరబిక్ బాగా నేర్చుకునే యూదుల్లో సైనిక నిఘా కోసం నేర్చుకునేవాళ్ళున్నారు, అందుకని కొత్తవాడి మీద అనుమానం సహజమే. పెద్దాయన "హింద్ నుంచొచ్చాడులే" అన్నాక గానీ వాడి మొహం వదులు కాలేదు. మీరు ఎందుకు నేర్చుకుంటున్నారో నిజమైన జవాబు ఒకటి దగ్గర పెట్టుకోండి.

రాజకీయాల్లో నేను వినడమే తప్ప అభిప్రాయం చెప్పలేదు. 1948 ఏప్రిల్‌లో, ఇజ్రాయెల్ ఏర్పడేముందు జరిగిన యుద్ధంలో, హైఫా అరబ్బుల్లో అత్యధికులు ఊరు వదిలిపోయారు, మిగిలిన కొద్ది వేలమందిలో చాలామందిని వాది నిస్నాస్‌కి చేర్చారు. పెద్దాయన వాళ్ళ నాన్న ఇల్లు హదర్‌లో ఉండేదట, వేలెత్తి ఆ వైపు చూపించాడు. మామ్మ వాళ్ళ ఇల్లు బాగ్దాద్‌లో పోయింది, తాళంచెవి ఎవరికిచ్చారో కూడా ఆవిడకి గుర్తుంది. ఇద్దరూ వాడిన మాట ఒకటే: 'బేత్‌నా', మా ఇల్లు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. అది మంచిపనో కాదో ఇప్పటికీ తెలీదు.

నేను చెప్పేదంతా 2023 అక్టోబర్ యుద్ధానికి ముందు సంగతి, అది గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు వెళ్ళాలంటే టెల్ అవీవ్‌లోని మన ఎంబసీ సూచనలు చూడకుండా ఫీజు కట్టొద్దు. గల్ఫ్ ఉద్యోగం కోసమే అరబిక్ అయితే హైఫా వద్దంటాను. యాస వేరు, పైగా నా పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ అతికించారు. ఇజ్రాయెల్ గుర్తులున్న పాస్‌పోర్టుతో కువైట్, లెబనాన్‌లకి వెళ్ళడం కష్టం. ఎలా వెళ్ళినా లిపి, కొంత ఫుస్‌హా ఇక్కడే నేర్చుకోండి. హైదరాబాద్‌లో ఉస్మానియాలో, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ)లో అరబిక్ విభాగాలున్నాయి.

తిండికి అసలు టెన్షన్ అక్కర్లేదు, శాకాహారులకైనా. ఫలాఫెల్ (శనగల వడలు), హుమ్ముస్ (శనగల ముద్ద) ఎక్కడ చూసినా ఉంటాయి. వంకాయ వేపుడు, గుడ్డు పెట్టి రొట్టెలో ఇచ్చే 'సబీఖ్' ఇరాకీ యూదులది. దాని మీద పసుపుపచ్చగా 'అంబా' పోస్తారు. మామిడికాయ, మెంతులు, పసుపు. బొంబాయిలో స్థిరపడ్డ బాగ్దాదీ యూదుల ద్వారా అటు వెళ్ళిందంటారు, పేరు కూడా మనవైపుదే. నేను తీసుకెళ్ళిన ఆవకాయ మామ్మకి కొంచెం పెట్టాను. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మూత బిగించి, సీసా పాల అలమారలో పెట్టాలా మాంసం అలమారలోనా అని అడిగింది.